బిడ్డ వేలి కొనలు చూడండి

పల్లెల్లో లోతైన గాయం ఏది తగిలినా "నరం తెగింది" అంటారు. కొడవలి తగిలినా, సీసా పెంకు దిగినా అదే మాట. నిజానికి ఆ ఒక్క మాటలో మూడు వేర్వేరు సంగతులు ఇమిడి ఉన్నాయి. స్పర్శను, కదలికను నడిపించే నరము ఒకటి. కండను ఎముకకు పట్టి ఉంచే తెల్లని తాడు వంటి స్నాయువు ఇంకొకటి. రక్తాన్ని మోసే నాళము మూడవది. మొదటి రెండూ తెగితే వాటిని కుట్టడానికి వైద్యునికి కొన్ని రోజుల వ్యవధి దొరకవచ్చు. చేతికో కాలికో రక్తం తెచ్చే ముఖ్యమైన నాళం తెగినా, నలిగినా, మూసుకుపోయినా ఉండే వ్యవధి మాత్రం గంటల లెక్కే. గనుక బిడ్డలున్న ప్రతి ఇంటివారూ ఈ మూడవదాని గురించి కొంచెమైనా తెలిసి ఉండడం అవసరం.

మేము వైద్యులము కాము. దెబ్బ తగిలిన బిడ్డను ఎత్తుకొని పరుగెత్తే తల్లిదండ్రుల వెంట ఆస్పత్రి మెట్లెక్కిన వారము మాత్రమే. అక్కడ వైద్యులు చెప్పగా విన్నదీ, తరువాత చదివి సరిచూసుకున్నదీ ఇక్కడ రాస్తున్నాము.

బిడ్డలో రక్తం ఎంత?

పెద్దవాని ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. బిడ్డకు కిలో బరువుకు 75 నుండి 80 మిల్లీలీటర్లు అని లెక్క. నాలుగేళ్ల పిల్లవాడు 15 కిలోలుంటే వాని ఒంట్లో మొత్తం రక్తం లీటరుకు కొంచెం పైన, అంతే. అందులో పావు వంతు పోవడమంటే మూడు చిన్న టీ గ్లాసులంత పోవడం. పెద్దవాడు అంత రక్తం ఇచ్చి, కాసేపు కూర్చొని, ఇంటికి నడిచి వెళ్లగలడు. ఆ బిడ్డకు అది ప్రాణం మీదికి వచ్చే సంగతి. నేలమీద, అమ్మ చీర మీద, తుండుగుడ్డలో ఇంకిపోయిన రక్తాన్ని ఎవరూ లెక్కపెట్టరు గనుక ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. రక్తం పోతున్నకొద్దీ బిడ్డ గుండె వేగంగా కొట్టుకొని రక్తపోటును చాలాసేపు నిలబెడుతుంది. చూసేవారికి బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ తరువాత ఒక్కసారిగా కూలిపోతుంది. ముందుగా తెలిసే గుర్తులు ఇవే: చేతులు, కాళ్లు చల్లబడడం, పెదవులు పాలిపోవడం, చెమట, దడదడమని కొట్టుకునే నాడి. అంతవరకు గుక్కపట్టి ఏడ్చిన బిడ్డ మెత్తబడి మగతగా పడుకుంటే "నొప్పి తగ్గింది, నిద్రపోతున్నాడు" అని సంతోషించరాదు. అది అన్నిటికంటె చెడ్డ గుర్తు.

కారే రక్తాన్ని ఆపడం

గుండె నుండి రక్తం తెచ్చే ధమని తెగితే ఎర్రని రక్తం నాడి కొట్టినట్టు చిమ్ముతుంది. తిరిగి తీసుకుపోయే సిర తెగితే ముదురు రంగు రక్తం ధారగా కారుతుంది. ఏది తెగినా ఇంట్లో చేయవలసిన పని ఒక్కటే. శుభ్రమైన గుడ్డను మడతలు పెట్టి గాయం మీద ఉంచి అరచేతితో గట్టిగా అదమాలి. కనీసం పది నిమిషాలు, గడియారం చూసుకొని మరీ అదమాలి. మధ్యలో "ఆగిందా?" అని ఎత్తి చూస్తే అప్పుడే కడుతున్న గడ్డ ఊడి మళ్లీ మొదటికి వస్తుంది. గుడ్డ తడిసిపోతే దాని మీదనే ఇంకొక గుడ్డ వేసి ఇంకా గట్టిగా అదమండి. చుట్టూ పదిమంది చేరి తలా ఒక సలహా చెబుతుంటే ఈ పది నిమిషాలు చాలా పొడవుగా తోస్తాయి. అయినా చెయ్యి తీయకండి.

కాఫీ పొడి, పసుపు, సున్నం, పంచదార, బొగ్గు పొడి, ఆకు పసరు, కిరోసిన్ - ఇవి ఏవీ పోయవద్దు, అద్దవద్దు. ధమని రక్తం వీటికి ఆగదు. పైగా తరువాత శస్త్రచికిత్స చేసే వైద్యుడు ఆ మురికినంతా కడుక్కుంటూ కూర్చోవలసి వస్తుంది, గాయం చీము పడుతుంది. గాజు పెంకో, ఇనుప చువ్వో, ముల్లో లోపల దిగబడి ఉంటే పీకవద్దు. ఒక్కొక్కసారి ఆ వస్తువే తెగిన నాళానికి బిరడాలా అడ్డుపడి ఉంటుంది. అది కదలకుండా చుట్టూ గుడ్డలు పేర్చి అలాగే తీసుకొని పోవాలి.

ఇక కట్టు సంగతి. మనవాళ్లు వెంటనే చేసే పని గాయానికి పైన పురికొసతోనో, చెప్పుల తాడుతోనో, తీగతోనో బిగించడం. సన్నని తాడు కండను కోస్తుంది, నరాన్ని నలుపుతుంది. సగం బిగిస్తే సిరలు మాత్రం మూసుకుపోయి ధమని పారుతూనే ఉంటుంది గనుక రక్తం ఇంకా ఎక్కువ కారుతుంది. చాలా గాయాలకు అదిమి పట్టడమే చాలు. ఎంత అదిమినా ఆగక ప్రాణం పోయేలా ఉన్నప్పుడు మాత్రమే బిగింపు కట్టు కట్టాలి. రెండు మూడు అంగుళాల వెడల్పు గుడ్డను గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా చుట్టి, ముడిలో పుల్ల పెట్టి రక్తం పూర్తిగా ఆగేదాకా మెలిపెట్టాలి. కట్టిన సమయాన్ని బిడ్డ చేతి మీదనే పెన్నుతో రాయండి. మధ్య మధ్య వదులు చేస్తూ ఉండాలని పాత ప్రథమ చికిత్స పుస్తకాల్లో ఉండేది. ఇప్పుడు వైద్యులు దానిని ఒప్పుకోరు. ఆస్పత్రిలోనే విప్పాలి, అది కూడా రెండు గంటలలోపు విప్పితే మంచిది. మాటలో మాటగా చెప్పాలంటే, పాము కాటుకు బిగించి కట్టడం కూడా నేటి వైద్యం ఒప్పుకొనేది కాదు. దానివల్ల చేతులు, కాళ్లు పోగొట్టుకున్నవారున్నారు.

సంక్రాంతి దినాల్లో బండి ముందు కూర్చోబెట్టుకున్న పిల్లల మెడలకు గాలిపటం దారం కోసుకొనే ప్రమాదం ఉన్నది. నైలాను మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా అది అంగళ్లలో నుండి పూర్తిగా పోలేదు. మెడ గాయానికి కోసుకున్న చోటనే చేతితో అదమాలి. మెడ చుట్టూ గుడ్డ చుట్టి బిగించరాదు. రెండు ప్రక్కలా ఒకేసారి నొక్కరాదు.

గడ్డి కత్తిరించే యంత్రంలో వేలు తెగిపడితే ఆ వేలిని తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచి తీసుకుపోండి. వేలిని నేరుగా ఐసులో వేస్తే అది చచ్చిపోతుంది.

రక్తం కారని గాయం

ఇంతవరకు చెప్పింది కంటికి కనిపించే గాయం. దాన్ని చూసి ఎవరైనా పరుగెత్తుతారు. మేము ఈ వ్యాసం రాయడానికి కారణం రెండో రకం. చర్మం చిట్లదు, చుక్క రక్తం కారదు, అయినా లోపల నాళం మూసుకుపోయి ఉంటుంది.

అయిదు నుండి ఏడేళ్ల పిల్లలు చెట్టు మీదనుండో, గోడ మీదనుండో పడేటప్పుడు చెయ్యి చాచి నేలకు ఆనిస్తారు. అప్పుడు మోచేతికి కొంచెం పైన దండచేతి ఎముక విరుగుతుంది. పిల్లల్లో మోచేతి దగ్గర విరిగే విరుపుల్లో ఇదే ఎక్కువ. చేతికి రక్తం తెచ్చే పెద్ద ధమని సరిగ్గా ఆ విరిగినచోటికి ముందువైపున పోతుంది. విరిగిన ఎముక కొన కత్తివలె ముందుకు పొడుచుకొని వస్తే ధమని దాని మీదికి లాగబడుతుంది, లేదా రెండు ముక్కల మధ్య నలుగుతుంది. ఎముక పూర్తిగా పక్కకు జరిగిన పిల్లల్లో పదిమందిలో ఒకరిద్దరికి మణికట్టు దగ్గర నాడి దొరకదు. పిల్లల నాళాలు సన్ననివి, దెబ్బకు బెదిరినట్టు ముడుచుకుపోయే స్వభావం గలవి.

దీన్ని కనిపెట్టడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. బిడ్డ వేలి గోరును తెల్లబడేదాకా నొక్కి వదలండి. రెండు సెకన్లలో ఎర్రదనం తిరిగి రావాలి. రెండో చేతి గోరునూ అలాగే నొక్కి పోల్చండి. చెయ్యి చల్లగా ఉందా? రంగు పాలిపోయిందా? వేళ్లు కదిలిస్తున్నాడా? తాకితే తెలుస్తున్నదా? బొటనవేలి వైపు మణికట్టు దగ్గర నాడి అందుతున్నదా? ఇదంతా ఒక నిమిషం పని. తేడా కనబడితే ఎముక సంగతి తరువాత, ముందు రక్తం సంగతి. చెయ్యి ఉన్న తీరులోనే అట్టముక్కో, మడిచిన వార్తాపత్రికో ఆధారంగా పెట్టి వదులుగా కట్టి బయలుదేరండి. మోచేతిని బలవంతంగా మడవడం, లాగడం, నూనె రాసి తోమడం చేయవద్దు. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, నల్లదారాలు తీసివేయండి.

చేతిని చంపేది ధమని మాత్రమే కాదు. కట్టు కూడా చంపగలదు. ముంజేతి కండలు సాగని పొరల అరలలో ఉంటాయి. దెబ్బ తగిలి కండ వాచినప్పుడు, మూతి బిగించిన సంచిలో నానిన శనగలు ఉబ్బినట్టు, లోపలి ఒత్తిడి పెరిగి సన్నని నాళాలు మూసుకుపోతాయి. పైన గట్టి కట్టు కూడా ఉంటే చెప్పనక్కరలేదు. జర్మనీలో హాలె పట్టణపు శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫాన్ ఫోల్క్‌మాన్ 1881లో ఈ సంగతిని వివరించి, బిగుతు కట్ల తరువాత చేతులు గద్దగోళ్లవలె ముడుచుకుపోవడానికి కారణం కండలకు రక్తం అందకపోవడమేనని చెప్పాడు. ఆయన పేరుతోనే వైద్యులు ఈ జబ్బును ఇప్పటికీ పిలుస్తారు. ఈయన 1870-71 యుద్ధంలో ఫ్రాన్సులో ఉన్నప్పుడు పిల్లల కథలు రాసి ఇంటికి పంపినవాడు. అవి మారుపేరుతో అచ్చయి ఆ దేశంలో ఎంతో పేరు పొందాయి.

ఆయన చెప్పి నూటనలభై ఏళ్లు దాటినా మన ఊళ్లలో అటువంటి చేతులు ఇంకా కనిపిస్తాయి. మేమెరిగిన ఒక కుటుంబంలో తొమ్మిదేళ్ల కుర్రవాడు నేరేడు చెట్టు మీదనుండి పడ్డాడు. అదే సాయంత్రం వెదురు బద్దలు పెట్టి, పసరు పోసి కట్టు కట్టించారు. ఆ రాత్రంతా వాడు ఏడ్చాడు. తెల్లవారి నొప్పి మాత్ర వేశారు. రెండో రాత్రి ఇంకా ఎక్కువ ఏడ్చాడు. "కట్టు కట్టాక నొప్పి ఉండదా అయ్యగారూ, మగపిల్లాడు ఓర్చుకోవాలి గాని," అన్నది వాళ్ల నాయనమ్మ. ఆమెకు మనుమడంటే ప్రాణం. ఆమె ఆ మాట కఠినంగా అనలేదు. మూడో రోజు వేళ్లు నీలంగా మారి వాచి, ముట్టుకుంటే తెలియకుండా పోయాయి. కట్టు విప్పి పట్నం తీసుకుపోయేసరికి కండలు చాలావరకు చచ్చిపోయాయి. చెయ్యి నిలిచింది గాని వేళ్లు ముడుచుకునే ఉన్నాయి. ఇప్పుడు వాడు ఎడమ చేతితో రాస్తున్నాడు, చక్కగా రాస్తున్నాడు. చొక్కా గుండీలు మాత్రం వాళ్లమ్మ పెడుతుంది.

కట్టు కట్టేవారందరినీ నిందించడం మా ఉద్దేశం కాదు. బెణుకులు, చిన్న విరుపులు వారి చేతి మీద నయం కావడం మేమూ చూశాము. ఆస్పత్రిలో వేసిన పిండికట్టు కూడా బిగుతైతే ఇదే కీడు చేస్తుంది. కట్టినవారు ఎవరైనా సరే, వేలి కొనలు బయటికి కనిపించేలా కట్టాలని అడగండి. ఆ మాట అడగడానికి మొహమాటపడవద్దు. మొదటి రెండు రోజులు రాత్రి కూడా లేచి వేళ్లు చూడండి. కట్టు వేసిన తరువాత నొప్పి తగ్గుతూ రావాలి. గంటగంటకు పెరుగుతుంటే, బిడ్డ కుదురు లేకుండా విలవిలలాడుతుంటే, మీరు మెల్లగా వేలిని చాచినా కేకపెడుతుంటే అది ఓర్చుకోవలసిన నొప్పి కాదు. అటువంటప్పుడు మణికట్టు దగ్గర నాడి దొరికినా నమ్మి కూర్చోరాదు. పెద్ద నాళంలో నాడి కొడుతూ ఉండగానే లోపలి కండ చచ్చిపోతుంది. అర్ధరాత్రయినా సరే కట్టిన చోటికి వెళ్లి విప్పించాలి. వెళ్లే దారి లేకపోతే బద్దల కట్టును మీరే పొడవునా కోసి వదులు చేసి బయలుదేరండి. వంకరగా అతికిన ఎముకను తరువాత సరిచేయవచ్చు, చచ్చిన కండను తిరిగి బ్రతికించలేరు.

మాటలు రాని పసిబిడ్డల విషయం కొంత వేరు. రెండేళ్లలోపు వారిలో నాళాలకు తగిలే గాయాల్లో ఎక్కువ భాగం వైద్యం కోసం పెట్టిన సూదులు, గొట్టాల వల్లనే కలుగుతాయి. ప్రాణం నిలపడానికి అవి తప్పవు. గ్లూకోజు ఎక్కుతున్న బిడ్డ వేళ్లు తెల్లబడినా, నీలమైనా, చెయ్యి ఉబ్బినా వెంటనే నర్సమ్మగారికి చెప్పండి. ఇంట్లోనైతే ఇంకొక విచిత్రమైన సంగతి ఉన్నది. ఎంత జోకొట్టినా ఊరుకోని చంటిబిడ్డ మేజోళ్లు తీసి కాలివేళ్లు ఒక్కొక్కటే చూడండి. తల్లి తలవెంట్రుకో, గుడ్డ నూలుపోగో వేలికి చుట్టుకొని మాంసంలోకి దిగి, ఆ పైభాగం ఎర్రగా ఉబ్బి ఉండవచ్చు. బాలింతలకు జుట్టు రాలే కాలం గనుక ఇది జరుగుతుంది. పోగు పూర్తిగా తెగినట్టు తెలియకపోతే ఆస్పత్రికే తీసుకుపోవాలి.

ఆరు గంటలు

రక్తం పూర్తిగా ఆగిన కండ సుమారు ఆరు గంటలు ఓర్చుకుంటుంది. ఈ ఆరు గంటలు ఆస్పత్రి గుమ్మం దగ్గర మొదలు కావు, చెట్టు క్రింద పడిన క్షణాన మొదలవుతాయి. సాయంత్రం నాలుగింటికి పడితే రాత్రి పదింటికి గడువు. అందులో పొలం నుండి తండ్రి రావడానికి గంట. మేనమామకు ఫోన్ చేసి ఏమంటాడో అడగడానికి అరగంట. డబ్బు చూసుకోవడానికి ఇంకొక గంట. పెద్దలందరూ వచ్చి ప్రార్థన చేశాక బయలుదేరుదామని ఆగేవారిని కూడా చూశాము. ప్రార్థన బండిలోనూ చేయవచ్చు. సంఘ కాపరి కోసం బిడ్డను ఇంట్లో ఆపవద్దు. కాపరే ఆస్పత్రికి వస్తాడు.

2005 ఆగస్టులో మన రాష్ట్రంలో మొదలైన 108 బండి ఇప్పుడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నది. పిలిచినప్పుడు "చేతికి రక్తం అందడం లేదు" అని స్పష్టంగా చెప్పండి. దగ్గరి ఆస్పత్రిలో చేరిన వెంటనే అడగవలసిన ప్రశ్న "ఎముక ఎన్నాళ్లకు అతుకుతుంది?" అన్నది కాదు. "నాడి దొరుకుతున్నదా? వేళ్లకు రక్తం అందుతున్నదా? లేకపోతే ఎక్కడికి పంపుతారు?" అని అడగండి. ఎక్స్‌రే తీసి రేపు చూద్దామనేచోట ఈ ప్రశ్నలే బిడ్డను కాపాడతాయి. రక్తనాళాలు కుట్టగల శస్త్రవైద్యులు ప్రతి ఊళ్లో ఉండరు. హైదరాబాదులో నిమ్స్ వంటి పెద్ద సంస్థల్లో, పెద్ద వైద్య కళాశాలల ఆస్పత్రుల్లో ఉంటారు. శస్త్రచికిత్సకు మత్తు ఇవ్వవలసి రావచ్చు గనుక దారిలో బిస్కెట్లు, పాలు పెట్టవద్దు. పెదవులు తడపండి, చాలు.

అక్కడ ఏమి చేస్తారో ముందే తెలిస్తే సంతకం పెట్టే చెయ్యి వణకదు. చాలామందికి ఎముకను సరిగా కూర్చి సన్నని తీగలతో నిలబెట్టగానే నాడి తిరిగి వస్తుంది. కొందరికి నాడి అందకపోయినా చెయ్యి వెచ్చగా, ఎర్రగా ఉంటుంది. ప్రక్క దారుల్లో రక్తం పోతున్నదన్నమాట. అటువంటి బిడ్డను ఒకటి రెండు రోజులు ఆస్పత్రిలోనే కనిపెట్టి ఉంటారు. ఏమీ చేయడం లేదని కోపపడి ఇంటికి తీసుకురావద్దు. చెయ్యి తెల్లగా, చల్లగానే ఉంటే మాత్రం గాయం తెరిచి ధమనిని చూడవలసిందే.

తెగిన నాళాన్ని అతికే విద్య మరీ పాతది కాదు. ఫ్రాన్సులో లియోన్ పట్టణపు వైద్యుడు అలెక్సిస్ కారెల్ 1902లో దాని పద్ధతిని ప్రచురించి, 1912లో నోబెల్ బహుమానం పొందాడు. ఆ సన్నని కుట్టుపనిని ఆయన ఆ ఊరిలో బట్టల మీద పూలు కుట్టే ఒక స్త్రీ దగ్గర నేర్చుకున్నాడని చెబుతారు. ఇప్పుడు పిల్లలకు తలవెంట్రుకకన్న సన్నని దారం వాడతారు. చుట్టూ ఒకే దారంతో బిగించక విడివిడి ముడులు వేస్తారు. బిడ్డతోపాటు ఆ నాళమూ పెరగాలి గదా! మధ్యలో ముక్క పోతే కాలి నుండి సిరను తీసి అతుకుతారు. సిరలో రక్తం వెనక్కు పోకుండా తలుపుల వంటి కవాటాలుంటాయి గనుక దానిని తలక్రిందులు చేసి పెడతారు.

కొన్నిసార్లు శస్త్రచికిత్స తరువాత ముంజేతి చర్మాన్ని, పొరలను పొడవునా చీల్చి అలాగే తెరిచి ఉంచుతారు. దాన్ని చూసి తల్లులు స్పృహ తప్పుతారు, బంధువులు వైద్యుని మీదికి పోతారు. ఉబ్బిన కండకు చోటివ్వడానికే అలా చేస్తారు. కొన్ని రోజులకు వాపు తగ్గాక మూస్తారు, లేదా తొడ చర్మం తెచ్చి అతుకుతారు. మచ్చ మిగులుతుంది, చెయ్యి దక్కుతుంది.

ఇంటికి వచ్చాక వేళ్లను కదిలించే వ్యాయామాలు ఏడ్చినా చేయించాలి. కాలి ధమని దెబ్బతిన్న బిడ్డ విషయంలో ఇంకొక జాగ్రత్త ఉన్నది. రక్తం చాలినంత అందని కాలు బ్రతికి ఉన్నా రెండోదానితో సమానంగా పెరగకపోవచ్చు. ఏడాదికొకసారి గోడకు ఆనించి నిలబెట్టి రెండు కాళ్లనూ పోల్చి చూడండి. నిక్కరు ఒక అంచు క్రిందికి వస్తున్నా, పరుగెత్తితే ఒక పిక్క నొప్పి అంటున్నా మళ్లీ చూపించాలి. శస్త్రచికిత్స కాగితాలను బిడ్డ ఎదుగుదల పూర్తయ్యేవరకు, అంటే పదిహేడు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా, భూమి పట్టాలతోపాటు పెట్టెలో దాచి ఉంచండి. ఏ నాళాన్ని ఎక్కడ కుట్టారో తరువాతి వైద్యునికి ఆ కాగితాలే చెబుతాయి.